ఉడకని డేగిసా

డిసెంబరు రెండో శనివారం హెర్లిందా ఇంట్లో తమాలేలు, అంటే మాంసం పెట్టిన మొక్కజొన్న పిండి పొట్లాలు, చుడతారంటే, ఆ ఇంటి ఆడపిల్ల ఎక్కడున్నా సరే పొద్దున్న ఏడింటికల్లా చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చోవలసిందే. జ్వరమన్నా, పరీక్షలన్నా ముసలావిడ వినదు. "పిండి నీ పరీక్ష అయ్యేదాకా ఆగుతుందా?" అంటుంది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళపాటు దినూబా చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో నడుం వంచి పనిచేసింది, ఇప్పుడు ఇంట్లో ఒక్కరినీ నడుం వాల్చనివ్వదు.

ఆ రోజు బల్లకి ఈ పక్క పెద్ద కూతురి కూతురు బ్రిసేదా, ఆ పక్క చిన్న కూతురి కూతురు అరాసెలి కూర్చున్నారు. ఇద్దరికీ మూడు నెలలే తేడా. ఒకే బడి, ఒకే బస్సు, ఇప్పుడు ఫ్రెస్నోలో ఒకే కాలేజీ, ఇద్దరికీ ఇది ఆఖరి సంవత్సరం. ఇన్ని ఒకేలు ఉన్నచోట ఓర్వలేనితనం పుట్టకపోతే వింత గానీ, పుడితే వింతేముంది?

బ్రిసేదా నానబెట్టిన మొక్కజొన్న కంకి రేకు మీద చెంచాతో పిండి పూస్తోంది. అరాసెలి అందులో ఎర్ర మిరపకాయల పంది మాంసం పెట్టి మడుస్తోంది. బ్రిసేదా కూర్చున్న చోటి నుంచి ఎదురుగా ఫ్రిజ్ కనిపిస్తుంది. ఫ్రిజ్ తలుపు మీద అరాసెలి ఫొటో ఉంది. అల్బుకర్కీలో జరిగిన ఏదో సదస్సులో, మట్టిలోని సూక్ష్మజీవుల గురించి తను వేసిన పెద్ద పోస్టరు పక్కన, మెళ్ళో పేరు బిళ్ళ వేలాడేసుకుని, ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా నిలబడింది. ఆ ఫొటో కింద ఇంకో కాగితముంది. అది బ్రిసేదాకి వరసగా ఆరోసారి వచ్చిన మొదటి ర్యాంకు సర్టిఫికెట్. ఫొటో దాన్ని పూర్తిగా కప్పేసింది, అడుగున అంగుళం తెల్లంచు మాత్రం కనిపిస్తోంది. ఆ తెల్లంచు వైపు చూసినప్పుడల్లా బ్రిసేదాకి కడుపులో కుంపటి రాజేసినట్టుండేది.

రసాయనశాస్త్రంలో అత్తెసరు మార్కులు తెచ్చుకున్న పిల్ల అది. బ్రిసేదా నోట్సు పట్టుకెళ్ళి కాఫీ మరకలతో తిరిగిచ్చిన పిల్ల. అలాంటిది ఇప్పుడు పీహెచ్‌డీకి ఐదు యూనివర్సిటీలకి అప్లికేషన్లు పెడుతోంది.

"నెలనెలా వాళ్ళే ఎదురు డబ్బిస్తారంట అక్కా," అరాసెలి తల్లి చాయో పొయ్యి దగ్గర్నుంచి అందరికీ వినబడేలా అంది. "మనం కట్టక్కర్లేదంట."

"దేనికి? మట్టి చూడ్డానికా?" హెర్లిందా కళ్ళజోడు పైనుంచి చూసింది. "నేను యాభయ్యేళ్ళు చూశాను, నాకెవడూ పీహెచ్‌డీ ఇవ్వలేదు. చర్చిలో అందరికీ చెప్పేశాను, మా మనవరాలు మట్టి డాక్టరవుతోందని."

అందరూ నవ్వారు. బ్రిసేదా కూడా నవ్వింది, ఆ నవ్వు మొహం దాటి లోపలికి వెళ్ళలేదు. వాళ్ళే డబ్బిచ్చి చదివిస్తారన్న సంగతి ఆమెకి మూడు నెలల కిందటే, ఇదే బల్ల దగ్గర, ఇదే పిన్ని నోటివెంట తెలిసింది. అంతదాకా అవి డబ్బున్న వాళ్ళ పిల్లల చదువులనుకుంది. క్లాసులో మొదటి వరసలో కూర్చునే పిల్లకి తెలియని సంగతి చివరి వరసలో కూర్చునే పిల్లకి ఎలా తెలిసిందంటే, అది వెళ్ళి అడిగింది. అంతే. ప్రొఫెసర్ బర్రగాన్ గది తలుపు తట్టి, "సార్, మీ ల్యాబులో నాకేమైనా పనుందా?" అంది. ఆయన ఉందన్నాడు.

బ్రిసేదా అలా తట్టదు. తట్టకూడదని ఆమెకి ఉగ్గుపాలతో పోశారు. ఆమె తల్లి ఒఫీలియా ఇరవై రెండేళ్ళుగా పళ్ళ ప్యాకింగు షెడ్డులో నిలబడి కమలాలు ఏరుతోంది. "పెద్దవాళ్ళని విసిగించకూడదు మీహా, నా తల్లీ. మన పని మనం బాగా చేస్తే వాళ్ళకే కనిపిస్తుంది. అడిగితే చులకనైపోతాం," అనేది. ఒఫీలియా పని అక్కడి మేస్త్రీకి ఈనాటికీ కనిపించలేదు. అయినా ఆ మాట కూతురికి శిలాశాసనమైంది. రెండు సెమిస్టర్లు బర్రగాన్ క్లాసులో ముందు వరసలో కూర్చుని, అన్ని పరీక్షల్లో అందరికంటే ఎక్కువ తెచ్చుకుని, ఆయనే పిలుస్తాడని ఎదురుచూసింది. ఆయన పిలవలేదు. మా వాళ్ళలో ఇలా ఎదురుచూస్తూ కూర్చున్న మొదటి వరస పిల్లలు ఎంతమందో, లెక్కపెడితే బస్సు నిండుతుంది.

చివరికి మొన్న గురువారం వెళ్ళింది. తనూ పీహెచ్‌డీకి అప్లికేషన్ రాసుకుంది, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. అన్నీ నింపింది. సిఫారసు ఉత్తరం రాయమని అడగటమొక్కటే మిగిలింది. పదిహేనో తేదీ గడువు. ఆయన తలుపు ముందు మూడుసార్లు వచ్చిపోయి, నాలుగోసారి కళ్ళు మూసుకుని తట్టింది.

బర్రగాన్ బూట్లకి తాళ్ళు కట్టుకుంటూ తలెత్తాడు. "రా, రా. నువ్వు అరాసెలి అక్కవి కదూ?"

రెండు సెమిస్టర్లు ముందు వరసలో కూర్చుంటే దక్కిన పేరు అది. బ్రిసేదా దాన్ని సరిదిద్దలేదు. "అవును సార్," అంది.

"సెప్టెంబరులోనే వస్తావనుకున్నాను," అన్నాడాయన. అదేం మాటో ఆమెకి అర్థం కాలేదు, అడగలేదు. ఆయన బ్యాగు సర్దుకుంటూ చెప్పుకుపోయాడు. "మంచిపని చేశావు. మీ చెల్లెలికో మాట చెప్పాలి. తను గట్టిగా కోరుకుంటున్న ఆ ఒక్క యూనివర్సిటీ నుంచే నాకు సిఫారసు ఉత్తరం పెట్టాల్సిన లింకు రాలేదు. మెయిలు పెట్టాను, చూసుకున్నట్టు లేదు. శనివారం ఐదింటిలోపు పంపించమను. ఆ తర్వాత నేను కొండల మీద ఉంటాను, మట్టి నమూనాలు తియ్యాలి. అక్కడ ఫోనూ లేదు, గీనూ లేదు. ఇరవయ్యో తేదీ దాకా దిగను." తాళ్ళు ముడేసి లేచాడు. "నీకేమైనా కావాలా?"

నోటిదాకా వచ్చింది. "ఏం లేదు సార్," అని బయటికొచ్చేసింది.

బస్సెక్కాక కిటికీకి తల ఆనించి కాసేపు తనని తాను తిట్టుకుంది, తర్వాత అరాసెలిని తిట్టుకుంది. ఊరొచ్చేసరికి ఒక సంగతి తేల్చుకుంది. చెల్లెలికి చెప్పదు. మర్చిపోయాననొచ్చు. చెప్పానేమో అనుకున్నాననొచ్చు. నేను లేని చోటికి అదెందుకు వెళ్ళాలి?

అది గురువారం సంగతి. శుక్రవారమంతా చెప్పలేదు. ఈ శనివారం పొద్దున్నుంచీ పొయ్యి మీది గోడ గడియారం వంకే చూస్తూ రేకులకి పిండి పూస్తోంది. తొమ్మిదింటికి చెబుదామనుకుంది. అప్పుడే చాయో పిన్ని ఆ అల్బుకర్కీ ఫొటో కథ మళ్ళీ ఎత్తుకుంది. పదింటికి నిజంగానే నోరు తెరిచింది. అరాసెలి, "ఏంటే, పిండి అంత మందంగా పూస్తున్నావు? గోడకి సున్నం కొడుతున్నావా?" అంది. తెరిచిన నోరు మూసుకుంది.

తమాలేల డేగిసా పెరట్లో గ్యాస్ పొయ్యి మీద ఉంది. ముగ్గురు పట్టినా కదలని అల్యూమినియం డేగిసా, రెండు పక్కలా పట్టుకోడానికి రెండు చెవులు. అడుగున నీళ్ళలో ఒక నాణెం వేశారు. నీళ్ళున్నంతసేపూ అది టకటకలాడుతూనే ఉంటుంది. పదకొండింటికి పెట్టారు. ఒంటిగంటకి ఉడికిపోవాలి. ఒంటిగంటకి హెర్లిందా ఒకటి తీసి రేకు విప్పితే పిండి రేకుకి అంటుకుపోయింది. రెండింటికీ అంతే, మూడింటికీ అంతే. బయట పొగమంచు కమ్మి పక్కింటి కంచె కూడా కనిపించడం లేదు. సాయంత్రం ఆరింటికి చర్చి నుంచి పాడుకుంటూ నలభై మంది వస్తారు, ఆ ఏడు క్రిస్మస్ ముందు జరిగే పోసాదా విందు వీళ్ళ ఇంట్లోనే.

"గ్యాస్ బండ అయిపోవస్తోందమ్మా," మేనమామ రుతీలియో ఒంటిగంట నుంచీ అదే మాట అంటున్నాడు. "మంట చూడు, పిల్లి కన్నులా ఉంది."

"నువ్వు నోర్ముయ్యి," అంది హెర్లిందా. "బండ కాదు. ఎవరికో కడుపు మండుతోంది."

వంటింట్లో ఎవరైనా కోపంతోనో ఓర్వలేకో ఉంటే తమాలేలు ఉడకవు. మిచోకాన్ నుంచి వలసొచ్చిన మా వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. ముందు డేగిసా చుట్టూ నవ్వుతూ చిందులెయ్యాలి. దానికీ వినకపోతే, కడుపుమంట ఎవరిదో వాళ్ళే వచ్చి, డేగిసా చెవికి కంకి రేకు కట్టి, ఎవరి మీదో వాళ్ళ మొహం చూస్తూ చెప్పాలి. హెర్లిందా ఇంట్లో ఈ రెండో భాగం దాకా వచ్చింది ఒక్కసారే, అప్పట్లో ఒక పెళ్ళి ఆగిపోయింది.

చిందులేశారు. ఒఫీలియా వాచిన కాళ్ళతోనే కూతురి చెయ్యి పట్టుకుని రెండు చుట్లు తిప్పింది. బ్రిసేదా కళ్ళు కిటికీలోంచి కనిపించే గడియారం మీదే ఉన్నాయి. నాలుగు. హెర్లిందా మూత తీసి, ఇంకోటి విప్పి చూసింది. ముద్దలా జారింది.

"ఇంక రేకు కట్టాల్సిందే," అంది ముసలావిడ, అందరి మొహాలూ వరసగా చూస్తూ. "ఎవరే?"

నాణెం టకటకలాడుతోంది. బ్రిసేదా శాస్త్రం చదువుకున్న పిల్ల, నీళ్ళకీ మంటకీ ఓర్వలేనితనంతో పనిలేదని తెలుసు. తెలిసినా, డేగిసా తనని వేలుపెట్టి చూపిస్తున్నట్టే అనిపించింది. ఇంకో గంట ఊరుకుంటే చాలు. ఐదు దాటిపోతుంది. ఆ ఆలోచనకి తనకే అసహ్యం వేసింది. ఎదురుగా ఒఫీలియా చెమట తుడుచుకుంటోంది. తన కూతురి గురించి ఈ మనిషి ఎక్కడా ఒక్క చెడ్డమాట వినలేదు.

బ్రిసేదా బుట్టలోంచి రేకు తీసి, పీలికగా చింపి, ఎడమ చెవికి కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది.

"నాదే అమ్మమ్మా." అరాసెలి వైపు తిరిగింది. "గురువారం సార్ దగ్గరికెళ్ళాను. నువ్వు కోరుకున్నచోటి నుంచి ఆయనకి లింకు రాలేదట. ఇవాళ ఐదింటిలోపు పంపాలట. నీకు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

"మర్చిపోయావా?" ఒఫీలియా ఆశగా అడిగింది.

"లేదమ్మా. కావాలనే చెప్పలేదు. దీనికి రాకూడదనుకున్నాను. నా నోట్సు చూసి పాసైంది, ఇప్పుడు దీని ఫొటో నా సర్టిఫికెట్ మీద అంటించారు. చూడలేకపోయాను." తర్వాత గొంతు పెంచి అంది, "ఇంకా యాభై నిమిషాలుంది, వెళ్ళి పంపు."

చాయో పిన్ని నోరు చప్పరించి ఏదో అనబోయింది. అరాసెలి చెయ్యెత్తి ఆపింది.

"నిన్ననే పంపేశాను," అంది.

"ఎలా?"

"నిన్న పొద్దున్నే సార్ దగ్గరికెళ్ళాను, ఉత్తరాలన్నీ అందాయా అని అడగడానికి. 'మీ అక్కకి చెప్పాను కదా' అన్నాడు. అక్కడే కూర్చుని పంపేశాను." చేతికంటిన పిండి గిల్లుకుంటోంది. "నిన్న పొద్దున్నుంచీ చూస్తున్నాను, నువ్వు ఎప్పుడు చెప్తావా అని."

బ్రిసేదాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెండు రోజులు మోసిన పాపం ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఊపిరి తేలికైంది, అదే క్షణంలో అరాసెలికి ఏ నష్టమూ జరగలేదన్న కసి కూడా లోపల ఎక్కడో కదిలింది. మనిషి బుద్ధి అలాంటిది.

ఈలోగా రుతీలియో ఎవరినీ అడక్కుండా ట్రక్కులోంచి కొత్త గ్యాస్ బండ తెచ్చి బిగించాడు. మంట బుస్సున లేచింది. హెర్లిందా అటు చూడనైనా చూడలేదు. మూత తీసి, ఇంకోటి విప్పింది.

"ఉడకలేదు," అంది.

"ఇప్పుడేగా బండ మార్చాను, ఒక్క నిమిషమన్నా ఆగవా?"

"రెండో చెవి ఖాళీగా ఉంది," అంది హెర్లిందా. ఆవిడ రుతీలియోని కాదు, అరాసెలిని చూస్తోంది. పొద్దున్నుంచీ ఈ పిల్ల అక్క కళ్ళలోకి ఒక్కసారీ చూడకపోవడం ముసలావిడ కనిపెట్టకుండా ఉంటుందా?

అరాసెలి చేతికంటిన పిండి తుడుచుకుంది. తర్వాత రేకు తీసుకుంది. కుడి చెవికి కట్టి, ముడి మీద వేలు పెట్టే ఉంచింది.

"సెప్టెంబరులో సార్ నాకో మాట చెప్పారు," అంది. "ల్యాబులో ఇంకో బల్ల ఖాళీగా ఉంది, ముందు వరసలో కూర్చుంటుందే మీ అక్క, తనని రమ్మను అన్నారు. రెండుసార్లు అన్నారు."

సెప్టెంబరులోనే వస్తావనుకున్నాను. బ్రిసేదాకి ఆ మాట ఇప్పుడర్థమైంది.

"నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు. 'తనకిష్టం లేనట్టుంది సార్' అన్నాను." అరాసెలి కళ్ళు నిండాయి, గొంతులో మాత్రం మొండితనం పోలేదు. "చిన్నప్పట్నుంచీ ప్రతి టీచరూ 'మీ అక్కని చూసి నేర్చుకో' అన్నవాళ్ళే. ఈయనొక్కడే నన్ను అరాసెలీ అని పిలిచాడు. నువ్వొస్తే వారం తిరక్కుండా మళ్ళీ బ్రిసేదా చెల్లెల్ని అయిపోతాను. ఒక్కచోటైనా నువ్వు లేకుండా ఉండాలనుకున్నాను."

బ్రిసేదా లెక్కలేసుకుంది, ఆమెకి లెక్కలు బాగా వచ్చు. తను చేసిన తప్పు దీనికి చీమ కుట్టినంతైనా నొప్పి పెట్టలేదు. ఇది చేసిన తప్పుకి తనకి ఒక సెమిస్టరు పోయింది, ల్యాబు పోయింది, ఫ్రిజ్ మీద ఫొటో పోయింది. సమానం కానే కాదు. చెంప పగలగొట్టాలనిపించింది.

"నాకూ ఉత్తరం కావాలి," అంది. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో తనకే తెలియదు. "అప్లికేషన్ రాసుకున్నాను. గురువారం అందుకే వెళ్ళాను. అడగలేకపోయాను."

"నీకు కూడా వెళ్ళాలనుందా?" ఒఫీలియా నివ్వెరపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అడగలేదమ్మా."

హెర్లిందా పెద్ద కూతుర్నీ, మనవరాల్నీ మార్చిమార్చి చూసి తల కొట్టుకుంది. "సరిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదే పిచ్చిదానా. ఇక్కడ పెట్టేదీ అడగదు, తినేదీ అడగదు."

గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. అరాసెలి ఫోన్ తీసి సార్ నంబరు కలిపి, అక్క చేతిలో పెట్టింది. అవతల మోగుతోంది. ఆ మోగుతున్నంతసేపూ పెట్టేద్దామా అని బ్రిసేదా మూడుసార్లు అనుకుంది.

"చెప్పు అరాసెలీ," బర్రగాన్ గొంతు, వెనక కారు చప్పుడు.

"అరాసెలి కాదు సార్. నేను బ్రిసేదాని. ముందు వరసలో కూర్చుంటాను." ఆయన ఏమైనా అనేలోపే అసలు మాట అనేసింది. "నాకూ సిఫారసు ఉత్తరం కావాలి సార్. మూడు రోజులే ఉంది. గురువారం అడగడానికే వచ్చాను, అడగలేదు."

కారు ఆపినట్టుంది, చప్పుడు తగ్గింది.

"అలా అప్పుడే చెప్పుంటే బావుండేది," అన్నాడాయన. కోపంగా కాదు, అలసటగా. "ఇప్పుడు రాస్తే నీ మార్కులు తప్ప రాయడానికి నా దగ్గరేం లేదమ్మా. మార్కులు వాళ్ళకి కాగితం మీద ఎలాగూ కనిపిస్తాయి. అలాంటి ఉత్తరం నీకు మేలు చెయ్యదు, నేను రాయను. ఆ బల్ల ఇంకా ఖాళీగానే ఉంది. జనవరిలో రా. డిగ్రీ అయ్యాక కూడా ఉండు, జీతం ఇస్తాను. ఏడాది పనిచెయ్యి. వచ్చే డిసెంబరులో నేను రాసే ఉత్తరానికి ఎవడూ కాదనలేడు. వస్తావా?"

"వస్తాను సార్," అంది. తర్వాత, ఆయన పెట్టేసేలోపు గబగబా, "జనవరిలో ఏ రోజు సార్?"

"ఆరో తేదీ. ఎనిమిదింటికి."

ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ఏడాది. అరాసెలి ఆగస్టులో వెళ్ళిపోతుంది. తను అదే బస్సులో, ఈసారి పక్కన ఎవరూ లేకుండా, ఇంకో ఏడాది ఫ్రెస్నో వెళ్ళొస్తుంది. అరాసెలి వదిలి వెళ్ళిన బల్ల పక్క బల్ల దగ్గర నిలబడి మట్టి జల్లెడ పడుతుంది.

ఐదుంపావుకి హెర్లిందా మూత తీసింది. రేకు విప్పితే తమాలే అంటుకోకుండా ఊడి వచ్చి, ఆవిరి కక్కుతూ నిలబడింది. బండ వల్లేనని రుతీలియో, రేకుల వల్లేనని హెర్లిందా, ఆ వాదన ఆ ఇంట్లో ఈనాటికీ తేలలేదు.

మొదటి రెండూ రెండు రేకులు కట్టిన వాళ్ళకే పెట్టింది ముసలావిడ. ఇద్దరూ పెరటి మెట్ల మీద పక్కపక్కనే, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. పొగమంచులో ఎక్కడో చర్చి వాళ్ళ పాట మొదలైంది.

"కోపంగా ఉందా?" అరాసెలి అడిగింది.

"ఉంది."

"ఎన్నాళ్ళుంటుంది?"

బ్రిసేదా వేడి రేకుని ఊదుకుంటూ వేళ్ళతో విప్పింది. "ఏడాది," అంది.

అరాసెలి తలూపింది.

బ్రిసేదా ప్లేటు ఖాళీ అయింది. ప్రతిసారీ అమ్మమ్మ చూసి వేసేదాకా కూర్చునే పిల్ల, ఈసారి లేచి డేగిసా దగ్గరికి వెళ్ళి ప్లేటు చాచింది.

"ఇంకోటి పెట్టు అమ్మమ్మా," అంది.